డెల్టాలో బోరు నీళ్ల ఉప్పు మ్యాప్ గీయాలంటే: గ్రిడ్‌డేటా, ఐడీడబ్ల్యూ, ఆర్‌బీఎఫ్, క్రిగింగ్‌లలో ఏది?

గోదావరి డెల్టాలో రాజోలు నుంచి కాట్రేనికోన దాకా ఓ యాభై బోర్ల దగ్గర ఈసీ మీటర్ పెట్టి రీడింగులు తీశారనుకోండి. ఈసీ అంటే నీటి విద్యుత్ వాహకత, ఉప్పు పెరిగితే అదీ పెరుగుతుంది; ఇక్కడి అంకెలన్నీ సెంటీమీటరుకి మైక్రోసీమెన్స్‌లో. ఎక్సెల్ షీట్లో మూడు కాలమ్స్ ఉంటాయి: అక్షాంశం, రేఖాంశం, ఈసీ. ఈ చుక్కల మధ్య ఖాళీలో విలువలు అంచనా వేసి (దీన్నే ఇంటర్పొలేషన్ అంటారు), రంగులతో నింపి మ్యాప్ చెయ్యాలి. పైథాన్‌లో అది పది లైన్ల పని. చిక్కల్లా ఏమిటంటే, అదే షీటును నాలుగు పద్ధతులకు ఇస్తే నాలుగు మ్యాపులు వస్తాయి. చుక్క ఉన్నచోట నాలుగూ దాదాపు ఒకే మాట చెబుతాయి. చుక్క లేనిచోట ఒకటి మంచినీళ్లంటుంది, ఇంకోటి ఉప్పునీళ్లంటుంది, మరొకటి ఏమీ చెప్పకుండా తెల్లగా వదిలేస్తుంది. అందుకే ఈ పద్ధతుల్ని మ్యాప్ అందాన్ని బట్టి పోల్చడం దండగ. చుక్క లేనిచోట ఏది ఎలా ప్రవర్తిస్తుందో చూసి పోల్చాలి.

## కోడ్ కంటే ముందు చూడాల్సినవి

ఒకే రకం నీళ్లా? డెల్టాలో పక్కపక్కనే రెండు బోర్లు, ఒకటి తియ్యగా, ఒకటి నోట్లో పెట్టలేనంత ఉప్పగా ఉండటం మామూలే. ఒకటి పైపొరలో వేసిన ఫిల్టర్ పాయింట్, రెండోది లోతు బోరు అయి ఉంటుంది. ఈ రెండిటినీ ఒకే షీట్లో కలిపితే ఏ పద్ధతీ కాపాడలేదు. అలాగే ఎండాకాలం కాలువలు కట్టేశాక తీసిన రీడింగుని, సార్వా చేలల్లో నీళ్లు నిలబడ్డప్పుడు తీసిన రీడింగుతో కలపకూడదు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీరే పైపొరలో ఉప్పును అణచిపెట్టేది. కాలువ ఉన్న నెల లెక్క వేరు, లేని నెల లెక్క వేరు.

చుక్కలు ఎలా పడ్డాయి? సమంగా పరుచుకున్నాయా, రోడ్డు పక్క ఊళ్లలో గుంపులుగా ఉన్నాయా, పడవ మీద నీటి లోతు కొలిచే ఎకో సౌండర్‌తో తీసినట్టు గీతలుగా ఉన్నాయా? ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది.

కొలత ఎంత కచ్చితం? టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో తీసిన లెవెల్ (నేల ఎత్తు) అయితే సర్ఫేస్, అంటే చుక్కల మీదుగా మనం పరిచే ఉపరితలం, ఆ చుక్క గుండా వెళ్లి తీరాలి. చేతి మీటర్‌తో తీసిన ఈసీ అయితే కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు. పైగా అదే మంచిది.

దిక్కు ఉందా? డెల్టాలో పాత సముద్ర తీరాల ఇసుక మెరకలు ఇప్పటి తీరానికి సమాంతరంగా వరసలుగా ఉంటాయి. వాటి కింద మంచినీళ్లు, మధ్య పల్లాల్లోని బంకమట్టి కింద ఉప్పునీళ్లు దొరకడం ఎక్కువ. అంటే తీరం వెంబడి రెండు కిలోమీటర్లు నడిచినా నీళ్లు పెద్దగా మారకపోవచ్చు, తీరానికి అడ్డంగా అరకిలోమీటరుకే మారిపోవచ్చు. ఏ లైబ్రరీకీ ఈ సంగతి దానంతట అది తెలియదు.

మధ్యలో అడ్డు ఉందా? పాశర్లపూడి వైపు బోరుకీ బోడసకుర్రు వైపు బోరుకీ మధ్య గోదావరి పాయ వైనతేయ ఉంది. కోడ్‌కి కనిపించేది సూటి దూరమే, ఏరు కనిపించదు. పాయకు అటూ ఇటూ నీటి లక్షణం వేరని మీకు తెలిస్తే, షీటును పాయల మధ్య భూభాగాల వారీగా విడగొట్టి, దేనికది ఇంటర్పొలేట్ చేసి, చివర్లో ఒకే బొమ్మలో అతికించండి.

అక్షాంశ రేఖాంశాల గురించి ఒక మాట. మన దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107. కొంపలు మునిగే తేడా కాదు. అయినా ముందే పైప్రోజ్ అనే పైథాన్ లైబ్రరీతో, మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలోని 44 ఉత్తర జోన్‌కి, అంటే ఈపీఎస్‌జీ కోడ్ 32644కి మార్చేయండి. దూరాలు మీటర్లలో ఉంటే తర్వాత వచ్చే ప్రతి సంఖ్యా అర్థమవుతుంది.

## ఒక్క చూపులో

మొదటి మూడూ గ్రిడ్‌డేటాలోని మెథడ్‌లే. స్మూతింగ్, నగ్గెట్ లాంటి మాటల అర్థం కింద వస్తుంది.

| పద్ధతి | కొలిచిన గరిష్ఠ, కనిష్ఠాలను దాటుతుందా | బయటి చుక్కల సరిహద్దు దాటాక | కొలతలో తప్పును సర్దుకుంటుందా | ఎంత నమ్మాలో చెబుతుందా |
|---|---|---|---|---|
| నియరెస్ట్ | దాటదు | దగ్గరి విలువే | లేదు | లేదు |
| లీనియర్ | దాటదు | ఖాళీ | లేదు | లేదు |
| క్యూబిక్ | దాటవచ్చు | ఖాళీ | లేదు | లేదు |
| ఐడీడబ్ల్యూ | దాటదు | సగటు వైపు జారుతుంది | లేదు | లేదు |
| ఆర్‌బీఎఫ్ | దాటవచ్చు | నింపుతుంది, దూరంగా అదుపు తప్పవచ్చు | స్మూతింగ్ ఇస్తే అవును | లేదు |
| క్రిగింగ్ | కొద్దిగా దాటవచ్చు | సగటు వైపు జారుతుంది | నగ్గెట్ ద్వారా అవును | అవును |

## గ్రిడ్‌డేటా: మూడు ముఖాలు

సైపై అనే పైథాన్ లైబ్రరీలోని గ్రిడ్‌డేటా ఫంక్షన్‌కి నియరెస్ట్, లీనియర్, క్యూబిక్ అని మూడు మెథడ్‌లు ఉన్నాయి. నియరెస్ట్‌లో ప్రతి చోటుకీ దగ్గరి బోరు విలువే అంటుకుంటుంది. మ్యాప్ చెక్కలు చెక్కలుగా ఉంటుంది. చూపించడానికి బాగోదు గానీ మిగతా వాటిని బేరీజు వెయ్యడానికి కొలబద్దగా పనికొస్తుంది.

లీనియర్ పద్ధతి చుక్కల్ని డెలానే త్రిభుజాలుగా కలిపి, ప్రతి త్రిభుజం మీద చదునైన తలం వేస్తుంది. కర్రల మీద బరకం బిగించి కట్టినట్టు ఉంటుంది. కర్ర కంటే ఎత్తుకి లేవదు, ఉన్నవాటిలో పొట్టి కర్ర కంటే కిందికి పోదు. మడతలు కనిపిస్తాయి. ఆ మడతలు చూసి చాలామంది క్యూబిక్‌కి మారిపోతారు. నేనైతే అంత తొందరపడొద్దంటాను. మడత కనిపించడమంటే అక్కడ డేటా పల్చగా ఉందని మ్యాప్ ఒప్పుకోవడమే.

క్యూబిక్ వెనక ఉన్నది క్లఫ్-టోచర్ పద్ధతి. నునుపుగా ఉంటుంది. కానీ విలువ ఒక్కసారిగా మారే చోట పొంగుతుంది లేదా గుంట తవ్వుతుంది. రొయ్యల చెరువు లెవెల్స్‌తో ఇది బాగా తెలుస్తుంది. అడుగు చదునుగా ఉంటుంది, గట్టు దగ్గర ఒక్కసారిగా మీటరుకు పైగా లేస్తుంది. క్యూబిక్ వేస్తే గట్టు పాదం దగ్గర లేని గుంట ఒకటి పుట్టుకొస్తుంది. ఆ బొమ్మ చూసి అక్కడ మట్టి పోయిస్తే డబ్బు నీళ్లపాలు. ఇలాంటి చోట లీనియరే సరి. గట్టు పైఅంచున, పాదం దగ్గర విడిగా లెవెల్స్ తీసుకుంటే త్రిభుజాలు గట్టు ఆకారాన్నే పట్టుకుంటాయి.

లీనియర్‌కీ క్యూబిక్‌కీ ఉమ్మడి చిక్కు సరిహద్దు. బయటి చుక్కల్ని కలిపే కాన్వెక్స్ హల్ లోపలంతా నింపుతాయి, బయట ఖాళీ విలువ ఇస్తాయి. ఉప్పాడలో ఒక చుక్క, భైరవపాలెంలో ఒక చుక్క ఉంటే మధ్యలో కాకినాడ అఖాతం కూడా హల్ లోపలికే వస్తుంది. అఖాతం మీద భూగర్భజలాల రంగు పడుతుంది! తీరరేఖ పాలిగాన్‌తో కత్తిరించక తప్పదు. అంచుల్లో వచ్చే సన్నటి పొడుగు త్రిభుజాలు మరో తలనొప్పి. బొమ్మలు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని ట్రై ఎనలైజర్‌తో వాటిని మాస్క్ చెయ్యొచ్చు.

అసలు గ్రిడ్ (సమాన గళ్లలో విలువలు) అక్కర్లేకపోతే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని ట్రైకాంటూర్‌ఎఫ్ మూడు కాలమ్స్ తీసుకుని నేరుగా గీసేస్తుంది. ఫలితం లీనియర్ లాంటిదే. తొలి చూపుకి అంతకంటే సులువైనది లేదు.

పాత కోడ్ తెచ్చుకునేవాళ్లు ఒకటి గమనించండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఎమ్‌ల్యాబ్ కింద ఉండే పాత గ్రిడ్‌డేటాను 3.1 వెర్షన్‌లో తీసేశారు. సైపైలోని ఇంటర్ప్‌2డీని 1.14లో తీసేశారు. వాటితో రాసిన కోడ్ ఇప్పుడు నడవదు. రిపేరు చేస్తూ కూర్చోకుండా కొత్త ఫంక్షన్‌తో రాసుకోవడం మేలు.

## ఐడీడబ్ల్యూ: అందరికీ తెలిసింది, అందరూ అతిగా వాడేది

ఐడీడబ్ల్యూ అంటే ఇన్వర్స్ డిస్టెన్స్ వెయిటింగ్. డొనాల్డ్ షెపర్డ్ 1968లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. దగ్గరి చుక్కకు ఎక్కువ బరువు, దూరపు చుక్కకు తక్కువ. దూరం వర్గానికి విలోమంగా బరువు ఇవ్వడం ఆనవాయితీ. పైథాన్ లైబ్రరీ నంపైలో అయిదారు లైన్లలో రాసుకోవచ్చు, మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో బటన్ నొక్కితే వస్తుంది. పాపులారిటీకి కారణం అదే.

దీని లోపం కాగితం మీద లెక్క వేస్తేనే తెలుస్తుంది. మీరు నిలబడ్డ చోటుకి పడమర 2 కిలోమీటర్ల దూరంలో ఒక బోరు, ఈసీ 6,000. తూర్పున అంతే దూరంలో ఒక ఊరు, అక్కడ ఒకే వీధిలో మూడు బోర్లు: 900, 1,000, 1,100. దూరాలు సమానం కాబట్టి నాలుగిటికీ ఒకే బరువు. సగటు 2,250. అదే ఊళ్లో మీరు మధ్య బోరు ఒక్కటే కొలిచి ఉంటే జవాబు 3,500. భూమి కింద నీళ్లు మారలేదు. ఒక వీధిలో మీటర్ ఎన్నిసార్లు ముంచారన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది. మన దగ్గర బోర్ల సర్వే అంటే రోడ్డు పక్క ఊళ్లలో గుంపుగా, లంకల్లో ఒకటీ అరా. ఐడీడబ్ల్యూకి సరిగ్గా సరిపడనిది ఇలాంటి డేటాయే.

రెండో లోపం, ఒంటరి చుక్క చుట్టూ గుండ్రటి వలయాలు పడటం. చూసేవాళ్లు అక్కడేదో ఉప్పు గని ఉందనుకుంటారు. వాన గేజీల్లాగా చుక్కలు ఓ మోస్తరు సమంగా పరుచుకుని ఉంటే, వివరం కంటే మొత్తం తీరు ముఖ్యమైతే, ఐడీడబ్ల్యూ తప్పేం కాదు. తుపాను రోజు మండలాల వారీ వానను త్వరగా చూపాలంటే నేనూ అదే వాడతాను.

## ఆర్‌బీఎఫ్: కొద్ది చుక్కలకి మంచి దోస్తు

ఆర్‌బీఎఫ్ అంటే రేడియల్ బేసిస్ ఫంక్షన్. ప్రతి చుక్క దగ్గరా దూరాన్ని బట్టి మారే ఒక ఆకారం పెట్టి, అన్నిటినీ కలిపి సర్ఫేస్ చేస్తుంది. రోలండ్ హార్డీ 1971లో భూతల ఆకారాల కోసం మల్టీక్వాడ్రిక్ ఫంక్షన్లు వాడి చూపించిన దారి ఇది. సైపైలో పాత ఆర్‌బీఎఫ్ క్లాస్ ఉంది, 1.7 నుంచి ఆర్‌బీఎఫ్ ఇంటర్పొలేటర్ వచ్చింది. కొత్తదే వాడండి. ఏమీ చెప్పకపోతే పల్చటి రేకుని వంచినట్టుండే థిన్ ప్లేట్ స్ప్లైన్ తీసుకుంటుంది. ఇరవై ముప్పై చుక్కలతో కూడా నునుపైన, చూడచక్కని సర్ఫేస్ ఇస్తుంది.

స్మూతింగ్ అనే మీట ఇందులో నాకు నచ్చేది. సున్నా ఉంచితే ప్రతి చుక్క గుండా వెళ్తుంది. పెంచితే చుక్కల్ని కాస్త పక్కకు తోసి మొత్తం ధోరణిని పట్టుకుంటుంది. చేతి మీటర్ రీడింగులకి ఇది కావాల్సిందే. సున్నా ఉంచినప్పుడు ఒకే చోట రెండు రీడింగులుంటే సింగ్యులర్ మ్యాట్రిక్స్ అని ఎర్రర్ కొడుతుంది. ఫోన్ యాప్ లొకేషన్‌ని రెండు దశాంశాలకి కుదించిందేమో చూడండి. 0.01 డిగ్రీ అంటే సుమారు 1.1 కిలోమీటరు. ఊరంతా ఒక్క చుక్కే అయిపోతుంది.

చెడ్డ అలవాటు ఏమిటంటే, క్యూబిక్ లాగే పొంగుతుంది. 800 పక్కన 9,000 ఉంటే, ఆ పక్కన మైనస్ ఈసీ కూడా చూపిస్తుంది. మైనస్ ఉప్పు ఎక్కడా ఉండదు. మందు సులువే: ఈసీకి లాగరిథం తీసి ఇంటర్పొలేట్ చేసి, చివర్లో వెనక్కి మార్చండి. ఉప్పు డేటాలో చిన్న విలువలు చాలా, పెద్ద విలువలు కొన్ని ఉంటాయి కాబట్టి లాగ్ ఏ పద్ధతికైనా మంచిదే.

డేటా పెద్దదైతే జాగ్రత్త. 10,000 చుక్కలకు మొత్తం మ్యాట్రిక్స్ ఒక్కటే 800 మెగాబైట్లు అవుతుంది. నైబర్స్ పరామితికి 50 లాంటి విలువ ఇస్తే ప్రతి చోటుకీ దగ్గరివి మాత్రమే చూసుకుంటుంది, లాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంటుంది.

తీరం దిక్కు సంగతి ఇందులో చేత్తో చెప్పాలి. అక్షాలని తిప్పి ఒకటి తీరం వెంబడి, ఒకటి తీరానికి అడ్డంగా వచ్చేలా చెయ్యండి. తీరం వెంబడి పోలిక మూడు రెట్లు ఎక్కువ దూరం నిలుస్తుందనిపిస్తే ఆ అక్షాన్ని మూడుతో భాగించండి. గ్రిడ్‌డేటాకీ ఐడీడబ్ల్యూకీ కూడా ఇదే కిటుకు పనిచేస్తుంది.

## క్రిగింగ్: ఎంత తెలియదో కూడా చెప్పేది

దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేసిన డానీ క్రిగె 1951 నాటి పని దీనికి పునాది. తర్వాత 1960లలో ఫ్రెంచి గణితవేత్త జార్జ్ మాతెరాన్ దాన్ని సిద్ధాంతంగా కట్టి క్రిగె పేరే పెట్టాడు. పైథాన్‌లో పైక్రిగ్, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో జీస్టాట్ లైబ్రరీలు వాడతారు.

మిగతా పద్ధతులు దూరానికి బరువెంతో ముందే నిర్ణయించుకుని వస్తాయి. క్రిగింగ్ మీ డేటానే అడుగుతుంది. ప్రతి రెండు బోర్ల మధ్య దూరమెంత, విలువల్లో తేడా ఎంత అని చూసి వేరియోగ్రామ్ అనే గ్రాఫ్ గీస్తుంది. అందులో మూడు సంఖ్యలు చదవాలి. సున్నా దూరం దగ్గరే కనిపించే తేడా నగ్గెట్. అది పెద్దగా ఉంటే మీటర్ తప్పయినా అయి ఉండొచ్చు, లోతులు కలిసిపోయి అయినా ఉండొచ్చు. మొదట్లో చెప్పిన ఫిల్టర్ పాయింట్, లోతు బోరు గొడవ ఇక్కడ బయటపడుతుంది. తేడా పెరగడం ఆగే ఎత్తు సిల్. ఆగే దూరం రేంజ్. రేంజ్ 6 కిలోమీటర్లు వచ్చిందంటే, అంతకు మించిన దూరంలో ఉన్న బోరుకి మీ చోటు గురించి తెలిసింది దాదాపు ఏమీ లేదు. మీ బోర్లు ఎనిమిదేసి కిలోమీటర్ల ఎడంగా ఉంటే మధ్యలో మ్యాప్ చప్పగా సగటు దగ్గరే నిలుస్తుంది. చాలామంది అది చూసి క్రిగింగ్ ఫెయిలైందనుకుంటారు. నిజానికి అది దాపరికం లేకుండా చెప్పిన జవాబు.

గుంపుల గొడవ కూడా ఇక్కడ చాలావరకు తీరిపోతుంది. ఒకే వీధిలోని మూడు బోర్లు దాదాపు ఒకే సంగతి చెబుతున్నాయని వేరియోగ్రామ్‌ని బట్టి లెక్క కట్టి, మూడిటికీ కలిపి ఇచ్చే బరువును తగ్గిస్తుంది. పై లెక్కలో జవాబు 3,500 వైపు జరుగుతుంది. దిక్కును బట్టి వచ్చే తేడా (యానిసోట్రపీ) కోసం పైక్రిగ్‌లో యానిసోట్రపీ స్కేలింగ్, యానిసోట్రపీ యాంగిల్ అని రెండు పరామితులున్నాయి, అక్షాలు చేత్తో తిప్పే పని లేదు.

దీనితో వచ్చే రెండో మ్యాప్ ఉంది చూశారూ, దానికోసమే ఈ శ్రమంతా. ప్రతి చోటా వేరియన్స్, అంటే అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో, చెబుతుంది. బోరు ఒక్కటీ లేని లంక మీద అది ఎక్కువగా కనిపిస్తుంది. వచ్చేసారి మీటర్ పట్టుకుని ఎక్కడికెళ్లాలో అదే చూపిస్తుంది.

ఖర్చు? నలభై యాభై చుక్కలకి తక్కువైతే వేరియోగ్రామ్‌ని నమ్మడం కష్టం, వంద ఉంటే ధీమాగా ఉండొచ్చు. పైక్రిగ్ ఏమీ చెప్పకపోతే వేరియోగ్రామ్ మీద లీనియర్ మోడల్, అంటే సూటి గీత, వేసుకుంటుంది, దానికి సిల్ ఉండదు. పైకి లేచి ఒకచోట చదునయ్యే స్ఫెరికల్ గానీ ఎక్స్‌పొనెన్షియల్ గానీ ఇచ్చి, ప్లాట్ ఆన్ చేసి, గీత చుక్కల మీదుగా పోతోందో లేదో కళ్లతో చూడండి. చూడకుండా డీఫాల్ట్‌తో నడిపిన క్రిగింగ్ కంటే ఆలోచించి వేసిన లీనియర్ గ్రిడ్‌డేటా వెయ్యి రెట్లు నయం.

నేచురల్ నైబర్ అనే మరో పద్ధతి ఉంది. సిబ్సన్ రూపొందించింది. చుక్కల విలువలు దాటదు, లీనియర్ కంటే నునుపు, గుంపుల్ని కూడా ఓ మాదిరిగా సర్దుకుంటుంది. సైపైలో లేదు. మెట్‌పై అనే పైథాన్ లైబ్రరీలో ఉంది, మ్యాట్‌ల్యాబ్‌లోనూ ఉంది. మీ దగ్గర మ్యాట్‌ల్యాబ్ లైసెన్స్ ఉంటే లీనియర్ బదులు దీన్ని వేసి చూడండి.

## ఎవరికి ఏది

కాలేజీ ప్రాజెక్టుకి ముప్పై బోర్ల డేటా ఉన్న విద్యార్థికి: లాగ్ తీసి, కాస్త స్మూతింగ్‌తో ఆర్‌బీఎఫ్. పక్కనే లీనియర్ మ్యాప్ కూడా పెట్టి, రెండూ ఎక్కడ విభేదిస్తున్నాయో చూపించండి. వైవాలో అడిగేది దాని గురించే.

మండలం మొత్తానికి ఏ ఊళ్లో తాగునీటి పథకం పెట్టాలి, ఎక్కడ బోరు వెయ్యకూడదు అని తేల్చాల్సిన ఆఫీసుకి క్రిగింగ్ తప్ప వేరే దారి చెప్పను. అక్కడ వేరియన్స్ మ్యాప్ లేకుండా నిర్ణయం తీసుకోకూడదు.

చెరువు లెవెల్స్, కాలువ గట్లు, చేలో నీరు ఎటు పల్లమో చూసేవాళ్లకి లీనియర్ చాలు.

గౌతమిలో పడవ మీద లోతులు తీసేవాళ్ల డేటా వేరే జాతి. గీత వెంబడి అడుగడుక్కీ చుక్క, గీతకీ గీతకీ మధ్య వందల మీటర్ల ఖాళీ. ఐడీడబ్ల్యూ గీతల వెంబడే పూసలు గుచ్చుతుంది. గీత మీది చుక్కల్ని ముందు పల్చన చేసి, నది పారే దిక్కున అక్షాన్ని కుదించి, ఆర్‌బీఎఫ్‌కి నైబర్స్ పెట్టి నడపండి. వంపు తిరిగే చోట దిక్కు మారుతుంది కాబట్టి ముక్కలుగా చెయ్యాలి.

ఏది ఎంచుకున్నా ఒక పరీక్ష పెట్టండి. ఒక బోరు దాచేసి, మిగతావాటితో దాని విలువ ఊహించి, తేడా రాసుకోండి. అన్ని బోర్లకీ అలా ఒక ఫర్ లూప్‌లో చెయ్యొచ్చు. గుంపులుంటే బోరు బదులు ఊరు మొత్తాన్ని దాచాలి, లేకపోతే పక్కింటి బోరు జవాబు చెప్పేసి పరీక్ష కాపీ అవుతుంది. ఆ తేడాని, ప్రతి చోటా మొత్తం సగటునే చెబితే వచ్చే తేడాతో పోల్చండి. మీ పద్ధతి సగటుని కూడా ఓడించలేకపోతే సర్ఫేస్ గీయకండి. చుక్కల్నే రంగులతో చూపించండి.

## గీసేటప్పుడు

త్రీడీ సర్ఫేస్ మీద మోజు చాలామందికి. ఉప్పు మ్యాపుకి అది అనవసరం, ముందు గుట్ట వెనక ఊరు దాక్కుంటుంది. భూమి లెవెల్స్‌కీ అంతే. డెల్టా ఎంత చదునంటే, ఎత్తుని చాలా రెట్లు సాగదీస్తే తప్ప ఏమీ కనిపించదు, సాగదీస్తే ఏటిగట్టు కొండలా కనిపిస్తుంది. పైనుంచి చూసినట్టు రంగులు నింపే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఫంక్షన్ కాంటూర్‌ఎఫ్ చాలు.

రంగులకి జెట్ అనే రంగుల వరస వాడొద్దు. అందులో పసుపు పట్టీ లేని గీతని కల్పిస్తుంది. విరిడిస్ అనే వరస నయం. రంగు మారే మెట్లని లైబ్రరీకి వదలకుండా అర్థం ఉన్న చోట పెట్టండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల వరకు సమ్మతం, వేరే నీరు లేకపోతే 2,000 వరకు అనుమతి. ఈసీని సుమారు 0.64తో గుణిస్తే లవణాలు వస్తాయి కాబట్టి ఈసీ మ్యాపులో మెట్లు దాదాపు 780 దగ్గర ఒకటి, 3,100 దగ్గర ఒకటి పెట్టాలి. వాటి మీద నల్ల చుక్కలుగా బోర్లన్నీ తప్పకుండా వెయ్యండి. చుక్కల్లేని లంక మీద ఎంత చిక్కటి రంగున్నా చదివేవాళ్లు దాన్ని ఎంతవరకు నమ్మాలో అంతవరకే నమ్ముతారు.